పట్టు విడుపు

పోథియా రేవులో చేపల వేలం ముగిసే వేళకి
సకెల్లారి మెట్లెక్కి వచ్చాడు: బకెట్టు, కర్ర, దగ్గు.
బకెట్లో రెండు స్పాంజీలు,
ఒకటి ఎరుపు, ఒకటి పసుపు.
"థెమెలీనా, నీ బడి పిల్లల కోసం" అన్నాడు.
బడికి సెలవులని అతనికి తెలుసు.

వడకట్టడానికి గుడ్డ కావాలంటే
జేబులోంచి చెల్లెలి పట్టు రుమాలు తీశాడు.
"ఎవ్‌దోకియా తిట్టదా?"
"తిట్టడమే దాని ఆరోగ్యం."

ఎర్రదాన్ని రుమాల్లో మూటగట్టి పిండాను.
గాజు పళ్ళెంలోకి మబ్బులా దిగింది.
నిమిషం కిందట ఒకే ప్రాణి,
ఇప్పుడు ఏ కణానికి ఆ కణమే.
పట్టులోంచి జారి పట్టు పోగొట్టుకుంది.
పసుపుదాన్నీ అలాగే పిండి
రెండు నీళ్ళూ కలిపాను.

కాఫీ తాగాం. మరో కాఫీ.
ఏమీ కాలేదు.
పడవ దిగిన టూరిస్టుల్లా నలుసులు
రాసుకుంటూ పోతున్నాయి, ఆగడం లేదు.
అప్పుడు చూశాను సీసా మీద చీటీ, నా రాతే:
సున్నం తీసేసిన నీళ్ళు.
"సున్నం లేనిది సముద్రమా!" పడీపడీ నవ్వాడు,
నవ్వు దగ్గయ్యేదాకా.

సున్నపు నీటిచుక్కలు రెండు వేశాను.
"అయితే సున్నమే జిగురన్నమాట."
"కాదు. చేతులు వాటివే.
సున్నం లేకపోతే వేలాడతాయి, బిగుసుకోవు."

సాయంత్రానికి, కటకం కింద,
ఎరుపు ఎరుపుని వెతుక్కుంది,
పసుపు పసుపుని.
మధ్యలో తప్పిపోయినవి ఇంకా తడుముకుంటున్నాయి.
"ఎవరు చెప్పారు వాటికి?"
"ఒంటి మీద గుర్తులుంటాయి. కళ్ళు లేవుగా, తాకి తెలుసుకుంటాయి."
"చీకట్లో తాడు తడిమినట్టు" అని
ఆగిపోయాడు.

ద్వీపంలో అందరికీ తెలిసిందే.
లిబియా తీరం, నలభై బారల లోతు, ఇరవయ్యారేళ్ళ వాడు.
పైన తాడు పట్టింది లెఫ్తెరిస్.
కుదుపు తగిలితే సైగ అనుకున్నాడు,
ఒక్క గుంజున పైకి లాగేశాడు.
నెత్తుట్లో బుడగలు లేచి
మోకాలి కింద కాలు తనది కాకుండా పోయింది.
"వదిలేశాడనుకుంటారు జనం" అన్నాడు సకెల్లారి.
"వదల్లేదు. భయపడి
మరీ గట్టిగా పట్టుకున్నాడు."

నాకేం చెప్పాలో తోచక పాఠమే చెప్పాను.
పాకే కణం ముందు ఒక పాదం చాస్తుంది,
అక్కడ నేలని కరుచుకుంటుంది,
వెనక ఉన్న పట్టు సడలిస్తుంది.
పట్టే తెలిసి విడుపు తెలియనిది
ఉన్నచోటే సాగి సాగి మిగిలిపోతుంది.

"మరి చెట్లో?"
అతను తెచ్చిన కిదోని మిఠాయి బల్ల మీదే ఉంది.
చెట్టు కణానికి నడక లేదన్నాను.
తన గోడ, పొరుగు గోడ, నడుమ జిగురు,
పుట్టినప్పటి పొరుగే చివరిదాకా.
కాయని ఉడికిస్తే గోడల మధ్య జిగురు ఊడొస్తుంది,
చల్లారాక చక్కెరపాకాన్ని గడ్డకట్టిస్తుంది.
"మా ఎవ్‌దోకియా ఆ జాతే.
అదే ఇల్లు, అదే పొరుగు, అదే తగాదా."
చెంచా నాకి మూత పెట్టాడు.

వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చూశాను.
కర్ర ముందుకి. మంచి కాలు ముందుకి.
రెండోది ఈడ్చుకుంటూ, రాయిని వదలలేక వదులుతూ.
వలలు కుట్టే లెఫ్తెరిస్ కొట్టు ముందు
కర్ర ఆగింది.
లోపలికి వెళ్ళలేదు, ముందుకీ పోలేదు.
లోపల దీపం వెలిగింది.

ఎంతసేపు నిలబడ్డాడో చూడలేదు.
రుమాలు ఉతకాలి నేను.
మూడుసార్లు సబ్బు పెట్టాను,
పట్టుని ఎరుపు వదల్లేదు.