చిటికెన వేలు

ముందు అమ్మాలా, ముందు కొనాలా
అని శివరాత్రి నుంచి చెల్లీ నేనూ కొట్టుకుంటున్నాం.
ముందు అమ్మీస్తే ఎక్కడుంటాం అంటాది అది.
ముందు కొంటే దేంతో కొంటాం అంటాను నేను.
బ్రోకరు సింహాద్రి మధ్యలో దూరి
రెండూ ఒక్కరోజే చేయించీస్తానన్నాడు,
కమీషను మాత్రం రెండుసార్లు.

మా నెల్లిమర్ల ఇల్లు కొంటున్నది ఏఎన్నెమ్ నీలవేణి.
ఆవిడ డబ్బు బ్యాంకులో ఉంది.
అది మా చేతికొచ్చిన మధ్యాన్నానికే
దాసన్నపేట బెహరా మాస్టారిది అయిపోవాలి.
ఆయన్నుంచి పలాసలో
జీడిపప్పు షెడ్డు వెనక మూడు గదుల వాళ్ళకి.
ఆ పలాస వాళ్ళు ఎవరికివ్వాలో మాకు తెలీదు.
ఇన్ని ఇళ్ళు, ముందూ వెనకా చూసుకుంటూ,
రేషన్ కొట్టు దగ్గర వరసలో నిలబడ్డాయి.

ఆషాఢానికి ఇంకా నాలుగు రోజులే.
ఈ గురువారం తప్పితే
పాలు పొంగించడం మళ్ళీ శ్రావణంలోనే.

అందుకే తెల్లారకముందే సామాను ఎక్కించీసాం.
తవిటినాయుడి వేనులో ముప్పై ఒక్క ఏళ్ళు పట్టీసాయి.
పడుకోబెట్టిన బీరువా, దాని కడుపులో పరుపు,
డ్రైవరు కాళ్ళ దగ్గర రోలు.
ఎక్కడా ఇమడని అద్దాన్ని
వెనక తలుపుకి తాడేసి కట్టాడు, మొహం బయటికి.
లింకు డాక్యుమెంట్లు, ఈసీ, గ్యాసు పుస్తకం
చారు గిన్నెలో పెట్టి మూతేసి ఒళ్ళో పట్టుకున్నాను.

రిజిస్ట్రారాఫీసులో ఫోటో తీసారు.
వేలు పెట్టమన్నారు.
ఎర్ర లైటు.
తుడుచుకో అన్నారు, తుడుచుకున్నాను.
గట్టిగా నొక్కమన్నారు, నొక్కాను.
తలనూనె అద్దుకోమన్నారు, అదీ అయింది.
ఎర్ర లైటు.
"ఏలిముద్రలు ఏవమ్మా?" అన్నాడు ఆ కుర్రాడు
ఎక్కడో దాచీసి వచ్చినట్టు.

ఏవంటే ఏటి చెప్పను బాబూ.
ఇరవై ఎనిమిదేళ్ళు జూట్ మిల్లులో
గోనెసంచుల మూతులు కుట్టాను.
దబ్బనం కొన్ని, పురికొస కొన్ని
రోజుకింత కోసుకున్నాయి.
నా గీతలన్నీ ఆ సంచుల్తోపాటు
ఏ ఊరి వడ్లతోనో, ఏ ఊరి ఉల్లిపాయల్తోనో ఎల్లిపోనాయి.
ఆ కూలితోనే గోడలు లేపిన ఇల్లు
నాదేనని చెప్పమంటే
ఆ వేళ్ళే సాక్ష్యానికి రాలేదు.

నీలవేణి ఒంటిపూట సెలవు అయిపోతోంది.
బ్యాంకాయన డీడీ కవరుతోనే విసురుకుంటున్నాడు.
బెహరా మాస్టారు ఫోను మీద ఫోను:
"అమ్మా, మా సామాను కూడా రోడ్డు మీదే ఉందమ్మా."
పలాసలో ఎవరో స్టవ్వు విప్పీసి
అన్నం లేకుండా కూచున్నారట, నా బొటనవేలి కోసం.
వెయిటింగు గంటకి రెండొందలన్నాడు తవిటినాయుడు.
దారిన పోయే కాలేజీ కుర్రాళ్ళు
మా అద్దంలో తల దువ్వుకుంటున్నారు.
ఆ గంటన్నర మా ఇల్లు
నెల్లిమర్లలో లేదు, దాసన్నపేటలో లేదు.
నీడ జరిగితే తనూ జరుగుతూ
నాలుగు చక్రాల మీద ఉంది.

చివరికి చెల్లే అంది,
"సిటికినేలు పెట్టి సూడప్పా,
కుట్టినప్పుడు దాన్ని పైకెత్తీసి కుట్టీదానివి."
నిజమే. మిల్లులో అందరూ నవ్వీవోరు,
దొరసాని వేలని.
ఎడమ చెయ్యి, చిటికెన వేలు.
పచ్చ లైటు.

పలాసలో ఎసరు పడే ఉంటాది.

దాసన్నపేటలో అగ్గిపెట్టె ఏ మూటలో ఉందో దొరక్క
పక్కింటి వాళ్ళ నిప్పుతో పాలు పొంగించాం.
రోలు మెట్ల కిందే ఉండిపోయింది,
మేడెక్కించాలంటే వేరే ఇవ్వాలట.

అర్ధరాత్రి నీళ్ళకి లేచాను.
తలుపుకి జానెడు అవతల, భుజమెత్తున,
స్విచ్చి కోసం చెయ్యి చాచాను.
గీతల్లేని ఆ వేళ్ళే
ఒక్క అంగుళం తడబడకుండా అక్కడికి ఎల్లాయి.
కొత్త సున్నం. చల్లగా, నున్నగా.
ఏమీ లేదు.

చాప మీంచి చెల్లి, నిద్రలోనే,
"ఒలప్పా, ఆ గోడ నెల్లిమర్లలో ఉండిపోనాది."