వోచరు నంబరు 212

కాగితం అబద్ధమాడదు అంటారు మా పట్నాయక్ గారు.
డాబాగార్డెన్స్‌లో మూడో అంతస్తు, మే నెల ఉక్క,
ఫ్యాను గాలికి లేచిపోకుండా
ప్రతి కట్ట మీదా ఒక గులకరాయి.
ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెడుతున్నాను.
ఆడిట్‌లో మొదటి ఏడాది నాకు,
టిక్కు పెట్టడమంటే నమ్మడమే అనుకునేదాన్ని.

తీర కరుణ ట్రస్టు పుస్తకాలు
ఇస్త్రీ మడత నలగకుండా వచ్చాయి.
కొట్టివేత లేదు. దిద్దుబాటు లేదు.
ఏడాది పొడుగునా ఒకటే సిరా.
టీ ఖర్చు నెలకి సరిగ్గా ఆరు వందలు.
ముసురు పట్టిన నెలలోనైనా
ఒక్క కప్పు ఎక్కువ తాగని మనుషులు!

వోచరు నంబరు 212:
తుఫానుకి వలలు పోయిన కుటుంబాలకు
నైలాను వలలు, నలభై.
ఐదు లక్షల ఎనభై వేలు.
రసీదుంది, స్టాంపుంది,
నలభై వేలిముద్రలు, నలభై ఫొటోలు.

పదిహేడో ఫొటో దగ్గర పెన్సిలు ఆగింది.
వల అంచున విరిగిన బెండుని
పచ్చ రిబ్బను ముక్కతో కట్టారెవరో.
వెనక్కి వెళ్లాను. మూడో ఫొటో, పచ్చ రిబ్బను.
ఇరవై ఎనిమిది, పచ్చ రిబ్బను.
మొదటి రెండింట్లో మాత్రం
బెండు ఊడి వేలాడుతోంది.
ముఖాలు నలభై.
వల ఒకటే.

"శాంపిల్ చూశాం, చాలు.
చందాలిచ్చినవాళ్లే అడగలేదు, మనకెందుకు?"
పట్నాయక్ గారు ఫైలు మూసేశారు.
నేను దాతల జాబితా తెరిచాను.
లక్షలు దాటి, వేలు దాటి, ఎక్కడో అడుగున
కంచరపాలెం, రిటైరైన పంపు ఆపరేటరు ఒకాయన,
పోయిన భార్య పేరు మీద
నూట పదహార్లు.
లక్షల దగ్గర రాని కోపం
ఆ పదహారు దగ్గర వచ్చింది.

పెదజాలరిపేట. వేట నిషేధం రోజులు.
ఇసుక మీద బోర్లా పడుకున్న తెప్పలు,
వాటి నీడలో పేకాట.
జాబితాలో రెండో పేరు, మైలపిల్లి దానయ్యమ్మ,
ఎండుచేపలు తిరగేస్తూ తలెత్తింది.

"వలా? సేతిలో ఎట్టారమ్మా.
పొటో తీసీసి, మల్లీ మడతెట్టి అట్టుకుపోనారు.
పక్కింటోలకీ తియ్యాల కదా అన్నారు.
రిబ్బనా? మా మనవరాలి జడదే.
బెండు ఊడిపోతంటే నానే కట్టీసేను.
ఎవులదైతే ఏటి, వల కదా."

మరి వేలిముద్ర?
"నాను సంతకం ఎడతాను" అంది,
కొంచెం కోపంగా.

ఆమె గోడ మీద బొగ్గు గీతలు.
పదకొండు మంది ఆడవాళ్లు, రోజుకి పది రూపాయలు,
మూత వంగిన బోర్నవిటా డబ్బా.
సాయంత్రం అందరి ముందూ బోర్లిస్తారు.
అలవాటుకొద్దీ కూడి చూశాను. ఇరవై తక్కువ.
"మంగలారం సీతాలుకి ఆటోకిచ్చినాం, కేజీహెచ్‌కి!"
మూడు గొంతులు ఒకేసారి.
గోడ మీద ఆ చోట రెండు గీతలు చెరిపి ఉన్నాయి,
పక్కన ఆటో బొమ్మ,
చక్రాలు రెండే వేశారు.

రిపోర్టులో ఇలా రాశాను:
నలభై వలల్లో ఒకటి ఉన్నట్టు ఆధారముంది.
అది ప్రస్తుతం ఎవరి దగ్గరుందో తెలియదు.
పట్నాయక్ గారు కళ్లద్దాలు తీసి
చాలాసేపు తుడుచుకున్నారు.
సంతకం ఇంకా పెట్టలేదు.

నా ప్రయాణ ఖర్చు వోచరు:
ఆటో, రానూ పోనూ, నూట నలభై.
బిల్లు అడిగితే నవ్వాడతను.
నా పుస్తకంలోనే రాసిచ్చాడు,
అంకె తప్పుపోయి, కొట్టేసి, మళ్లీ రాశాడు.
దాని పక్కన
టిక్కు పెట్టాను.