తలుపు పక్క మేకు

మా వంటింటి తలుపు పక్కన ఒక మేకుంది.
నీలం పికప్ తాళంచెవి దానికే వేలాడుతుంది.
చిలోయే దీవిలో మా వైపు ఇదేం రహస్యం కాదు.
బంగాళదుంప బస్తాలకి, పురిటి నొప్పులకి,
చెడిపోయిన పడవ ఇంజినుకి
ఎవరో ఒకరు తడి బూట్లు గుమ్మంలో విడిచి
"ఎదెల్మీరా, ఒక్క గంట" అంటారు.
గంటంటే పొద్దుపోయేదాకా అని నాకు తెలుసు.

మేం ఇళ్లనే తాళ్లు కట్టి లాగే మనుషులం.
ముందు ఎడ్లు, వెనక ఊరంతా,
చెక్క ఇల్లు కిటికీలతో సహా కొండ దిగుతుంది.
లాగినవాళ్లకి కూలి ఉండదు, కూర ఉంటుంది.
ఇలాంటి చోట బండి ఇవ్వనని ఎట్లా అనను?

ఆ రోజు కట్టెలకని రొసమేల్ వచ్చాడు.
"ఎడమ లైటు వెలగదురా, పొద్దుండగానే వచ్చెయ్."
"వచ్చేస్తానత్తా."
నేను ఉన్ని వడుకుతూ నిద్రపోయాను.

దాల్కావె మలుపులో, చీకట్లో, వానలో
ఆ ఒంటికన్ను బండికి
ఆల్చిప్పల బుట్టతో వస్తున్న ఎర్మిందా కనబడలేదు.
తుంటి ఎముక మూడు ముక్కలు.
ఆల్చిప్పలు రోడ్డంతా.
వాటిని ఎవరు ఏరారో ఇప్పటికీ అడగలేదు.

కోర్టు కాగితం నా పేరున వచ్చింది.
నడిపింది నేను కాదే, అన్నాను.
కాస్త్రో నుంచి వచ్చిన కుర్ర లాయరు
పెన్ను మూత కొరుకుతూ చెప్పాడు:
నడిపినవాడూ, బండి గలవాళ్లూ ఉమ్మడిగా.
మొత్తం ఎవరినైనా అడగొచ్చు.
రొసమేల్ దగ్గర చిరిగిన వల తప్ప ఏముంది?

ఉమ్మడి.
ఆ మాట నా అరచేతులకి తెలుసు.
తాడు పట్టిన అందరికీ అదే మంట.
ఈసారి అవతలి కొసకి ఏం కట్టి ఉందో
చూడకుండానే పట్టుకున్నాను.

"ఒక దారుంది," లాయరు గొంతు తగ్గించాడు.
"మీకు తెలీకుండా తీసుకెళ్లాడని చెప్పండి.
ఒక్క వాక్యం చాలు."

ఒక్క వాక్యం.
ఇల్లు, ఏడు గొర్రెలు, పికప్
అన్నీ దాని చాటున దాక్కోవచ్చు.
మూడు రాత్రులు నాలుక మీద పెట్టుకుని చూశాను.
మింగుడుపడలేదంటే అబద్ధం. మెత్తగానే దిగింది.

జడ్జిగారు అడిగినప్పుడు మాత్రం
నోట్లోంచి వేరేది వచ్చింది:
"తాళం నేనే ఇచ్చాను. లైటు వెలగదని నాకు తెలుసు."
లాయరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
ఎర్మిందా చేతికర్ర మీద వాలి
మొదటిసారి నా వైపు చూసింది.
క్షమించినట్టు కాదు,
చిల్లర సరిపోయిందా అని చూసే చూపు.

నాలుగు గొర్రెలు పోయాయి.
ప్రతి నెలా అయిదో తారీకు,
ఇంకా ముప్పై ఒక్క నెలలు.

నిన్న ఒనోఫ్రె వచ్చాడు, బూట్లు విడిచి.
"ఒక్క గంట."
మేకు వైపు చూశాడు. నేనూ చూశాను.
"ఉండు" అని వానలోకి వెళ్లి
రెండు లైట్లూ వేశాను, పట్టపగలే.
ఆ వెలుతుర్లో చినుకులు పడుతుంటే
చాలాసేపు నిలబడ్డాను,
తాళం పిడికిట్లోనే ఉంది.