ఖాళీ బరువు

పెట్టె మీద బాణం గుర్తు పైకి చూపిస్తోంది,
పెట్టె మాత్రం తలకిందులుగా వచ్చింది.
"లోపల మొక్కుందని రాసుందండి,
లిస్టులో ఆఖర్న ఉన్నా ముందు మీకే తెచ్చేశాను"
అన్నాడు ఢిల్లేశ్వర్రావు, హెల్మెట్ తియ్యకుండా.
ఓటీపీ చెప్పాను.
నాలుగంకెలకి ఒక ప్రాణం చేతులు మారింది.

పుణే నుంచి హైదరాబాద్, అక్కణ్ణించి బెజవాడ,
ఆటోనగర్ గోడౌన్లో ఒక రాత్రి.
ఐదు రోజులు ఫోన్లో దాని దారే చూశాను.
కడియం నర్సరీల పక్కనుంచే వచ్చుంటుంది,
అర్ధరాత్రి, చీకటి పెట్టెలో,
చుట్టాలెవరూ పలకరించకుండా.

టేపు కోశాను.
తడి న్యూస్‌పేపరు, థర్మోకోలు,
చాన్నాళ్లు తాళం వేసిన ఇంటి వాసన.
ఏడు ఆకులు. ఒకటి విరిగింది, రెండు పసుపు.
బొమ్మలో పధ్నాలుగు.
డబ్బు వాపసు కావాలంటే ఫొటో పంపమంది కంపెనీ.
తీశాను గానీ పంపలేదు.
ఆసుపత్రి మంచమ్మీద మనిషిని
అడక్కుండా తీసినట్టుంది.

కూడా ఒక కాగితం:
వారం దాకా కుండీ మార్చొద్దు.
ఎరువొద్దు. ఎండ తగలనివ్వొద్దు.
నీళ్లు ఎక్కువైనా పోతుంది, తక్కువైనా.
ఆకులు రాలితే కంగారు పడొద్దు.
ఆ ఆఖరి ముక్క రెండుసార్లు చదివాను.

నాది పోర్టు వేబ్రిడ్జి మీద రాత్రి డ్యూటీ.
బొగ్గు లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే
మిగిలింది సరుకు.
పదకొండేళ్లుగా ఇదే లెక్క.
తెల్లారి జ్ఞానాపురం వచ్చేసరికి
నాకంటే ముందే బొగ్గు ఇల్లు చేరుంటుంది.
కిటికీ ఊచల మీద, ఆరేసిన చొక్కా మీద,
ఇప్పుడు కొత్తగా ఈ ఆకుల మీద.
కింద అరచెయ్యి పెట్టి, తడిగుడ్డతో
ఒక్కో ఆకూ తుడుస్తాను.
నేను తూకమేసిందే, ఏ లారీదో,
రసీదు లేకుండా దిగింది.

మూడో రోజుకి ఐదు ఆకులు.
ఆరో రోజుకి నాలుగు.
కింద వాటా సువార్తమ్మ గారు మెట్లెక్కి వచ్చి
"ఈ డబ్బుకి అరకేజీ వంజరం వచ్చును కదేటి బాబూ" అంది.
బియ్యం కడుగు పోస్తానంది.
వద్దని కాగితం చూపించాను.
"మొక్కకి కూడా కాగితమేటి" అనుకుంటూ దిగిపోయింది.
మర్నాడు వరండాలో, కుండీ కింద పళ్లెంలో,
తెల్లటి కడుగు నీళ్లు.
నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నీళ్లెప్పుడు పొయ్యాలో కాగితంలో లేదు.
పొద్దున్నే, డ్యూటీ చొక్కా విప్పకముందే
రెండు చేతుల్తో కుండీ ఎత్తి చూసేవాణ్ణి.
తడిమన్ను ఒక బరువు, ఎండుమన్ను ఒక బరువు.
అంకె వెలగక్కర్లేదు, మణికట్టుకి తెలుస్తుంది.
పదకొండేళ్లలో మొదటిసారి
ఖాళీ బరువు చూసి చెంబుతో నీళ్లు తెచ్చాను.

ఈ జాతి మొక్క రాత్రిళ్లు ఆకులు ముడుస్తుందట,
చేతులు జోడించినట్టు.
అది ముడిచే వేళకి నేను లారీల మధ్య.
సువార్తమ్మ గారే ఓ పొద్దున చెప్పింది:
"రాత్రి నిలబడి ప్రార్థన చేసుకుంటంది నీ మొక్క,
మా ఇంట్లో వోళ్లకంటే నయం."
అంతకుముందు ఎప్పుడైనా చూశారా అన్నాను.
లేదంది.
అంటే ఇన్నాళ్లూ దానికి
పగలేదో రాత్రేదో తెలీలేదన్నమాట.

ఆదివారం సెలవు పెట్టాను.
కారణం గడిలో 'ఇంటి పని' అని రాశాను.
లైటు తీసేసి, స్టూలు వేసుకుని కూర్చున్నాను.
యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి.
గాలి ఉప్పగా, జిగటగా ఉంది. దానికి ఇష్టమే నంట.
ఎప్పుడు కదిలిందో చూడలేదు,
రెప్ప వేశాను కాబోలు.
నాలుగు ఆకులూ నిలువుగా,
మధ్యలో ఐదోది, ఇంకా చుట్ట విప్పని సూది.

గేటు దగ్గర హారన్.
ఎవరిదో పార్సిల్‌తో ఢిల్లేశ్వర్రావు, తొమ్మిదిన్నరకి.
"మొక్క బతికిందాండీ?"
పైకి రమ్మన్నాను.
మొదటిసారి హెల్మెట్ తీశాడు.
కుండీ చేతిలో పెడితే బరువు చూశాడు,
ఓ నిమిషం అలాగే నిలబడి,
గొంతు తగ్గించి అడిగాడు:
"పడుకుందాండి?"