జనవరి ఒకటి

కొలంబస్ ఊరికి ఉత్తరాన, టైర్ల దుకాణం వెనక
మా ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసు.
ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు, చిరిగిన గోల్ వలలు,
తల తిప్పని ఫ్యాను, నేను.
పదహారేళ్లుగా నా పని ఒకటే,
పిల్లల పుట్టిన తేదీలు సరిచూడడం.
ఆట నాకు రాదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ సరిగా చెప్పలేను.
తేదీలు తెలుసు.

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి పుట్టిన పిల్ల
తన జట్టులో అందరికన్నా చిన్న.
పన్నెండు దాటాక పుట్టిన పిల్ల
కింది జట్టులో అందరికన్నా పెద్ద.
ఆ రెండు ఏడుపుల మధ్య
నర్సు చేతులు తుడుచుకునేంత సేపు.

హోదన్‌ది అక్టోబరు ఇరవై తొమ్మిది.
ఎడమ కాలి ఆట. ముదురాకుపచ్చ స్కార్ఫు,
మోకాలి మీద ఎప్పుడూ ఉతకని మట్టి.
ఆగస్టు వచ్చింది.
జట్టులో పదహారుగురిలో పదమూడుగురు
తొమ్మిదో తరగతికి పోయి హైస్కూలు జెర్సీలు తొడుక్కున్నారు.
ఆ సీజనంతా క్లబ్బుకి ఆడకూడదు, అది వాళ్ల నియమం.
ముగ్గురితో జట్టు కాదు, అది మా నియమం.
ఎనిమిదో తరగతి పిల్లని హైస్కూలు తీసుకోదు,
అది ఎవరి నియమమో అడిగే ఓపిక ఎవరికీ లేదు.
మిగిలిన ఇద్దరూ వాలీబాల్‌కి మళ్లిపోయారు.

రెంటికీ చెడ్డ రేవడి అంటారే,
ఆ రేవడి రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి
టైర్ల దుకాణం గోడకి బంతి కొట్టేది.
ధన్. గోడ తిరిగి ఇచ్చేది. ధన్.
గోడకి వయసు అడగడం రాదు.

ఒక గురువారం తండ్రి వచ్చాడు, గూలేద్.
గోదాములో రాత్రి షిఫ్టు,
చొక్కా చేతికి ఇంకా ఒక బార్‌కోడు స్టిక్కరు.
కింది జట్టులో చోటుందా అన్నాడు.
ఉంది, కానీ అరవై నాలుగు రోజులు ఆగి పుట్టి ఉండాల్సింది.

ఆయన గుర్తింపు కార్డు చూశాను.
జనవరి ఒకటి.
"కొత్త సంవత్సరం నాడే పుట్టారే!" అన్నాను, మాట కలపడానికి.
నవ్వాడు.
"ఆ వేళ మా బస్సులో నలభై ముగ్గురం.
అందరం జనవరి ఒకటే. మా అమ్మమ్మ కూడా."
శిబిరంలో ఎవరో గుమాస్తా, అలసిపోయినవాడు,
మంచివాడే, మంచినీళ్లు కూడా ఇచ్చాడట,
గడి ఖాళీగా ఉండకూడదని రాసేశాడు.
వాళ్లమ్మ చెప్పిన తేదీ ఆ గడిలో పట్టలేదు:
గూ వానలు ఆలస్యమైన ఏడు,
బావి పూడిన మూడో రోజు, ఇంకా తెల్లారకముందు.

నా పెన్ను హోదన్ పుట్టిన సంవత్సరం మీద ఆగింది.
రెండువేల పదకొండు. చివర ఉన్న ఒకటిని
రెండు చెయ్యడానికి ఒక వంపు, ఒక తోక చాలు.
నేనూ మంచిదాన్నే.
నేనూ అలసిపోయాను.

ఆయన చూశాడు.
నుదుటి రాత మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు
కాగితం మీద అరచెయ్యి పెట్టాడు.
"వద్దండీ. దాని తేదీ దానికి ఉండనీండి.
నిమిషాలతో సహా ఉంది, ఆస్పత్రి వాళ్లు రాసిచ్చారు,
నాలుగూ పదిహేడు.
మా ఇంట్లో అసలైన పుట్టినరోజున్న మొదటి మనిషి అది."

వచ్చే ఏడు గీతని ఆగస్టుకి జరుపుతారట.
హోదన్ తన తరగతి వాళ్లతో కలుస్తుంది.
నా ఫైల్లో డెలానీ అని ఒక పాప ఉంది,
జులై ముప్పై. తనకింకా ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం షిఫ్టుకి ముందు
ఆయన పని బూట్లతోనే గోల్‌లో నిలబడ్డాడు.
ఆమె ఎడమ కాలితో కొట్టింది.
ఆయన తప్పు వైపు దూకి, గడ్డిలో పడి,
కాసేపు లేవకుండా నవ్వుతున్నాడు.
ఫ్లడ్‌లైట్లు ఎనిమిదింటికి ఆపెయ్యాలి, అదీ నియమమే.
స్విచ్చు పక్కన నిలబడి ఉన్నాను.
ఎనిమిదీ పది.
ఎనిమిదీ పావు.