మునిగే నూనె

ఆ పిల్ల గాజు గొట్టంలో నీళ్ళు పోసింది.
సిరంజితో మూడు చుక్కలు.
నూనె తేలుతుందని కదా
పుట్టినప్పటి నుంచీ మనకు తెలిసింది.
ఇది తేలలేదు.
తేనెరంగు పూసల్లా, తొందర లేకుండా,
అడుక్కి దిగి కూర్చుంది.

"చూశారా, బాషి కసొండె" అంది నమ్వింగ.
కసొండె తండ్రీ అని, మర్యాదగానే.
కళ్ళు మాత్రం గొట్టం మీదే.

కిట్వే దాటాక మూతపడిన రాగి గని.
సబ్‌స్టేషన్ గదిలో గబ్బిలాలు, తోలు ఊడిన కేబుళ్ళు,
మధ్యలో, ముప్పై ఏళ్ళు నేను తుడిచిన ట్రాన్స్‌ఫార్మర్.
దాని పేరుపలక మీద ఎవరో నాలుగు పూతల రంగేశారు.
ఆ ఎవరో నేనే.
పెద్దసార్లు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారని
పచ్చరంగు డబ్బా చేతికిచ్చారు, వేశాను.
ఇవాళ బ్లేడుతో నేనే గీకుతున్నాను
అడుగున ఏం రాసుందో చదవడానికి.

ఈ ద్రవం మండదు.

మండనిదంటే మంచిదే అనుకున్నాం.
భూమి కింద మూడు వేల అడుగుల్లో
నిప్పంటుకోనిది ఏదైనా చుట్టమే.
షిఫ్టు దిగాక గ్రీజు చేతులు అందులోనే కడిగేవాళ్ళం,
సబ్బుకి వదలని జిడ్డు దానికి వదిలేది.

నమ్వింగ ఫారం నింపుతోంది.
లీకు ఉందా? ఉంది.
ఎన్నాళ్ళుగా?
నేల మీది నల్లమరక వంక చూశాను.
మా కసొండె వయసు దానికి.
ఎవరైనా నూనె బయటికి తీసుకెళ్ళారా?

తమ్ముడు ముసెంగె గని జట్టుకి గోల్‌కీపర్.
ఎర్రమట్టి గ్రౌండు, మోకాళ్ళెప్పుడూ గీరుకుపోయి ఉండేవి.
ఫాంటా సీసాలో పట్టి, గుడ్డపీలిక బిరడా బిగించి,
ఆదివారాలు తెచ్చేవాణ్ణి.
మర్దన చేస్తుంటే కళ్ళు మూసుకొని చెప్పేవాడు:
"పెనాల్టీకి బంతిని చూడకూడదన్నా,
తన్నేవాడి తుంటిని చూడాలి."

మిగిలింది బజార్లో బన ములెంబాకి అమ్మాను.
బోండాల్లాంటి వితుంబువా వేయించేదామె.
మూకుట్లో తరగదు, తొందరగా పొగరాదు.
ఎక్కడిదయ్యా ఇంత మంచి నూనె అంది.
గని నూనె అన్నాను.
అబద్ధం ఒక్కటీ చెప్పలేదు.

ముసెంగె నలభై ఒకటికే పోయాడు. కాలేయం.
దీనివల్లేనా అని మొన్న అడిగితే
డాక్టరు తల నిలువుగానూ ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు.

"తీసుకెళ్ళారు" అన్నాను.
"ఎవరు?"
"నేను. సీసాతో. చాలా ఆదివారాలు."
ఆ పిల్ల గొట్టం వదిలి మొదటిసారి నన్ను చూసింది.
ఫారంలో ఆ గడి అర అంగుళం.
అవును, అని రాసింది.

తర్వాత పని.
తెల్ల సూటు, రబ్బరు బూట్లు, మూతికి ముసుగు.
పంపు మెల్లగా నడిపాం.
డ్రమ్ము కింద ట్రే, ట్రే కింద రంపపు పొట్టు.
ఒలికిన చుక్క మీద పొట్టు, ఆ పొట్టూ డ్రమ్ములోకే.
తుడిచిన గుడ్డ. గ్లౌజులు.
మరక పడ్డ నేలని ఉలితో చెక్కి ఆ సిమెంటు పెళ్ళలు.
సాయంత్రం సూటు విప్పి అదీ వేశాను.
దీన్ని తాకిందేదైనా దీని వెంటే పోవాలట,
అది రూలు.

పదకొండు డ్రమ్ములు, పసుపు లేబుళ్ళు.
లారీలో దార్ ఎస్ సలాం దాకా, అక్కణ్ణించి ఓడ,
ఎక్కడో పన్నెండు వందల డిగ్రీల కొలిమి.
మండనిదాన్ని మండించడానికి అంత దూరం.

పలక మీది లీటర్లూ డ్రమ్ముల్లోకొచ్చిన లీటర్లూ
నమ్వింగ రెండుసార్లు కూడింది.
తేడా.
"ఆవిరై ఉంటుందేమో" అంది.
అది అంత ఆవిరయ్యే రకం కాదని ఆ పిల్లకీ తెలుసు.

ఇంటికి పోతూ గని గ్రౌండు దగ్గర ఆగాను.
గోల్‌పోస్టు ఒక్కటే మిగిలింది,
రెండోదాని చోట పిల్లలు చొక్కాలు కుప్పపోశారు.
కీపర్ కుర్రాడు దూకాడు, మోకాలు చీరుకుంది.
ఉమ్ము రాసుకొని లేచాడు.
"ఇంకేమీ రాయకురా!" అని అరిచాను.
వినలేదు.
వాడు తన్నేవాడి తుంటి చూస్తున్నాడు.