మూల ముక్క

మిల్లు వెనక పారబోసిన పలక ముక్కలకు
లెక్కా జమా ఉండదు.
సంచినిండా మోసుకొచ్చింది కాశింబీ,
బడి వరండాలో గుమ్మరించింది.
"ఇదిగో, మీ ఎక్స్ స్క్వేరు" అంది
ఒక చదరపు ముక్కను నా ముందుకు తోసి.

అప్పటికి మూడు రోజులు.
ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు ఎక్స్ ఈజీక్వల్టు పదహారు.
సారు రాస్తారు, తుడుస్తారు, మళ్ళీ రాస్తారు.
"అర్థమైందా?" అంటే
"అయింది సార్" అని క్లాసంతా ఒకటే పాట,
అందులో నా గొంతే గట్టిది.
నాకు తెలియదన్న సంగతి
పక్కదానికి తెలిసిపోతుందని భయం.
పక్కదానికీ అదే భయమని
నాకు తెలియలేదు.
ఊళ్ళన్నిటికీ పలకలు కోసిపెట్టిన మార్కాపురంలో
మాకు లెక్కలు రావు, చూడండి!

ఆదివారాలు వాళ్ళమ్మతో కూర్చుని
పలకలకు చట్రాలు బిగిస్తుంది కాశింబీ.
సన్నటి బద్దలు ఆరు ఏరింది.
మూడు కుడిపక్కన పేర్చింది, మూడు కింద.
"ఇప్పుడు చెప్పండి, యాడ తక్కువైంది?"
తలలు తగిలేట్టు వంగాం నలుగురం.
కింద, కుడి మూల, ఖాళీ.
మూడింటికి మూడు.
తొమ్మిదని ముందు ఎవరన్నారో
ఇప్పటికీ తగువే.
తానేనంటుంది తిరపతమ్మ.
నాకైతే నాలుగు నోళ్ళలోంచీ
ఒకటే తొమ్మిది ఊడిపడ్డట్టు గుర్తు.

"సారు రెండు పక్కలా కలిపింది ఇందుకా!"
అప్పుడు ఏసోబు మొహం చూడాలి.
ఇన్నాళ్ళూ వర్గమూలమంటే
వర్గానికుండే మూలే అనుకున్నాడంట.
పొట్ట పట్టుకుని నవ్వాం.
నవ్వు అయిపోయాక
ఆ ఖాళీ వైపు చూస్తూ కాసేపు ఎవరం మాట్లాడలేదు.
మూల పూడందే మూలం దొరకట్లేదుగా మరి.
వాడి తప్పు
మా ఒప్పులకన్నా ముందే అక్కడికి పోయి కూర్చుంది.

రెండు వచ్చింది. సరే.
ఇంకోటుందిగా, మైనస్ ఎనిమిది?
మైనస్ ఎనిమిది అంగుళాల పలక ఏ మిల్లులో కోస్తారు?
కాశింబీ సంచి తడిమి చేతులెత్తేసింది.
మళ్ళీ ఏసోబే అన్నాడు, నింపాదిగా:
"కొట్లో మా నాయన ఖాతా అట్టాంటిదే.
పట్టుకుందామంటే ఉండదు.
లేదనుకుంటే ఊరుకోదు."
ఈసారి ఎవరం నవ్వలేదు.

అంతలో నీళ్ళ లారీ హారను.
బిందెల కోసం తిరపతమ్మ పరుగు, వెనకాలే వాడు.
"ముక్కలు కదిపారంటే చంపుతా" అని
గేటు దగ్గర్నుంచి కేక.
వాళ్ళు తడిసిన చొక్కాలతో తిరిగొచ్చేదాకా
ఒక చదరానికీ ఆరు బద్దలకూ
మేమిద్దరం కాపలా.

మార్చిలో బల్లకొకరు.
ఒక పక్క గోడ,
ముందు ఏ ఊరిదో తెలియని వీపు.
ప్రశ్న చూడగానే
అరచేతికి పలక దుమ్ము తగిలింది.
ఆరులో సగం మూడు అని రాస్తుంటే
"మూలేదే, మూల?" అని కాశింబీ.
పెట్టాను తొమ్మిది, రెండు పక్కలా.

పేరు రాయొద్దన్నారు,
హాల్‌టికెట్ నంబరు ఒక్కటే వేయమన్నారు.
వేశాను.
మిగతా ముగ్గురి నంబర్లూ
నాకు నోటికొచ్చు.